ఎడమ చేతి రక్ష

అన్నం పెట్టిన చోటును ఆడిపోసుకోకూడదని మా ఇంట్లో నేర్పారు. అందుకని నా మొదటి ఉద్యోగం గురించి ఎవరైనా అడిగితే ఇన్నాళ్ళూ మంచే చెప్పుకొచ్చాను. మంచి లేకపోలేదు. కానీ చెప్పని సంగతి ఒకటుంది. దాన్ని దాచిపెట్టి మంచి ఒక్కటే చెబుతూ ఉంటే, ఆ మంచి కూడా అబద్ధంలాగే వినిపిస్తోంది నాకు.

అది పలాసలో ఒక చిన్న ప్రైవేటు డయాలసిస్ కేంద్రం. కింద జీడిపప్పు దుకాణం, పైన మా పది మంచాలు, పది మిషన్లు. ఇప్పుడది మూతపడింది. లిఫ్టు ఉండేది కాదు. కాళ్ళకు నీరు దిగిన మనుషులు వారానికి మూడుసార్లు ఇరవై రెండు మెట్లు ఎక్కి వచ్చేవారు. ఎక్కలేనివాళ్ళను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఇంట్లోవాళ్ళు మోసుకొచ్చేవారు. ఇదేమిటని ఎవరూ అడగలేదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి ఉండదు. మిషను దొరకడమే గొప్ప, మెట్ల గురించి మాట్లాడేదెవరు? నేనూ మాట్లాడలేదు. చదువైన మూడు నెలలకే పని దొరికిందని దణ్ణం పెట్టుకుని చేరాను.

మా నాన్న పూండికి అవతల ఒక చిన్న ఊళ్ళో గుడి అర్చకులు. ఏడేళ్ళప్పుడు నాకు కీళ్ళ జ్వరం వచ్చింది. గుండె జాగ్రత్త, పరిగెత్తనివ్వొద్దు అన్నారు డాక్టర్లు. పరిగెత్తనివ్వకుండా బడికి ఎలా పంపుతారు? అమ్మే నాకు బడి అయింది. వంటింటి గడప మీద కూర్చోబెట్టి లెక్కలూ సైన్సూ తను చెప్పేది. తెలుగూ, నాలుగు శ్లోకాలూ నాన్న చెప్పేవారు. పదో తరగతీ ఇంటరూ ఓపెన్ స్కూల్లో రాశాను. టెక్కలిలో నర్సింగు కాలేజీలో చేరేదాకా తరగతి గదిలో కూర్చోవడమంటే ఎలా ఉంటుందో నాకు తెలియదు. తోటి పిల్లలు లేని చదువులో ఒక లోటుంది. చేసిన తప్పును పక్కవాళ్ళ మీదకు నెట్టే విద్య అబ్బదు. తప్పూ నాదే, మొట్టికాయా నాదే, తరవాత అమ్మ చేతిలో పెట్టే బెల్లంముక్కా నాదే. ఆ విద్య నాకు ఎప్పటికీ రాదనే అనుకునేదాన్ని.

దీపం పెట్టాక ఆ రోజు అందిన మూడు మేళ్ళు దేవుడికి చెప్పుకోవాలి అనేది అమ్మ. అడగడం కాదు, చెప్పుకోవడం. పలాసలో అద్దె గదిలో కూడా ఆ అలవాటు మానలేదు. మొదటి నెలలో మూడు వెతుక్కోవడం కష్టంగా ఉండేది. ఆటో దొరికింది, వాన పడలేదు, సూది తప్పలేదు. ఇలా ఉండేవి నా మేళ్ళు.

సూది తప్పకపోవడమే పెద్ద మేలు. డయాలసిస్ చేయించుకునేవాళ్ళకు ముందుగా మణికట్టు దగ్గరో మోచేతి దగ్గరో చిన్న ఆపరేషన్ చేసి, లోపలి రక్తనాళాన్ని పైనున్న నరంతో కలుపుతారు. నెల, రెండు నెలల్లో ఆ నరం తాడులా ఉబ్బి గట్టిపడుతుంది. దాన్ని ఫిస్టులా అంటారు. ప్రతిసారీ దాంట్లోకి రెండు లావు సూదులు గుచ్చాలి. ఒకదాంట్లోంచి రక్తం మిషనులోకి పోతుంది, ఇంకోదాంట్లోంచి శుభ్రమై తిరిగొస్తుంది. ఉబ్బిన చోట మూడు వేళ్ళు ఆనిస్తే లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు జుమ్మంటుంది. అది ఆగిపోతే ఆ చెయ్యి మిషనుకు పనికిరాదు. ఇంకో చోట ఆపరేషన్ చెయ్యాలి. ఒక మనిషి ఒంట్లో అలాంటి చోట్లు ఎక్కువ ఉండవు.

పదిమందికి ఇద్దరం నర్సులం, నేనూ మా సీనియర్ అక్కా. ఆవిడది టెక్కలి, పనిలో చెయ్యి తిరిగిన మనిషి. చెడ్డదని నేను అనను. మొదటి రోజే నన్ను మంచాల మధ్య నిలబెట్టి చెప్పింది: "ఇదిగో అమ్మాయ్, ఆపరేషనైన సెయ్యి దేవుడి విగ్రహం అనుకో. దాని మీద బీపీ పట్టా కట్టకూడదు, గాజు ఉండకూడదు, వాచీ ఉండకూడదు, సంచీ మొయ్యకూడదు, తల కింద పెట్టుకుని పడుకోకూడదు. అర్థమైందా?"

అర్థమైందన్నాను. దారం అని ఆవిడ అనలేదు. ఈ సాకును నేను తరవాత చాలా రోజులు వాడుకున్నాను, నా మనసులోనే.

కొత్తగా వచ్చిన నర్సుకు చెయ్యి ఇవ్వడానికి ఎవరూ ఒప్పుకోరు. వాళ్ళ తప్పు లేదు. సూది పక్కకు పోతే చెయ్యంతా నల్లగా కమిలి రెండు వారాలు ఉంటుంది. కంచిలి నుంచి వచ్చే కొబ్బరి రైతొకాయన నేను ట్రే పట్టుకుని దగ్గరికి రాగానే రెండు చేతులూ దుప్పట్లో దాచేసేవాడు.

"నాను ఈ వేళ బాగానే ఉన్నానమ్మా. నాకు డయాలసిస్ అక్కర్నేదు. నువ్వు మెషీన్‌కే ఎక్కించుకో" అనేవాడు. హాలంతా నవ్వేది. నేనూ నవ్వుతూనే వెనక్కి వెళ్ళి సీనియర్ అక్క కోసం ఎదురుచూసేదాన్ని.

మూడో వారంలో అనుకుంటాను, కిటికీ పక్క మంచం మీంచి ఒకావిడ కేకేసింది.

"ఓలే గుంటా, ఇటు రా. ఆ ముసిలోడికి సిగ్గెక్కువ. నా సేతిమీద నేర్సుకో."

నలభై అయిదేళ్ళుంటాయి ఆమెకు. అక్కుపల్లి వైపు ఒక పల్లె. చిన్నప్పటినుంచి పలాసలో జీడిగింజలు కొట్టింది. గింజ తొక్కలోంచి కారే జిగురు వేళ్ళను కాల్చి నల్లగా చేస్తుంది. ఆ నలుపు ఏ సబ్బుకూ పోదు. జబ్బు చేశాక కొట్టడం మానేసి, ఇంట్లోనే కూర్చుని పప్పు మీద పొట్టు ఒలిచేది. కుడిచేతిలో చిన్న కత్తి, ఎడమ చేతిలో పప్పు. అల్లుడింట్లో ఉండేది. "ఈ కుడిసెయ్యి ఒకటి ఆడితే సాలు, నాను ఎవుల మీదా పడను. తిన్న కూడికి నాను పని సేత్తన్నాను, అల్లుడు కిక్కురుమనడు" అనేది. ఎడమ మణికట్టు మీద ఆపరేషన్ చేసినందుకు డాక్టర్లను దీవించేది. కుడిచెయ్యి మిగిల్చారు కదా అని.

మొదటిసారి నేను గుచ్చిన సూది పక్కకు పోయింది. ఆమె పళ్ళు బిగించింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏడుత్తావేటి? గుచ్చినోళ్ళు ఏడిత్తే గుచ్చించుకున్నోళ్ళేటి సెయ్యాల? రెండోది ఎయ్యు. బేగి."

రెండోది పడింది. ఆ తరవాత ఎప్పుడూ తప్పలేదు. నెల తిరిగేసరికి కంచిలి కొబ్బరి రైతు కూడా, "సరేలే, ఆ పంతులుగోరి పాప సెయ్యి తేలిగ్గా ఉన్నాదంట" అంటూ చెయ్యి చాపాడు. నేనిప్పుడు ఎవరికి సూది వేసినా అది ఆమె చేతి మీద నేర్చుకున్నదే. ఆమెను నేను అత్తా అని పిలిచేదాన్ని.

వేసవిలో వాళ్ళ ఊళ్ళో అమ్మవారి సంబరం జరిగింది. ఆడవాళ్ళు కడవల్లో పసుపునీళ్ళు తీసుకెళ్ళి అమ్మవారికి పోస్తారు. ముర్రాటలంటారు వాటిని. మర్నాడు ఆమె డయాలసిస్‌కు వచ్చింది. నాలుగు గంటలూ అయ్యాయి, సూదులు తీసి కట్టు వేశాను. ఆ రోజు ఆఖర్లో ఆమె బీపీ బాగా పడిపోయింది. బీపీ పడితే ఫిస్టులాలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది, అలాంటప్పుడు ఇంకో అరగంట పడుకోబెట్టాలి. తరవాతి షిఫ్టువాళ్ళు అప్పటికే మెట్ల మీద నిలబడి ఉన్నారు. నేను ఆమెను నెమ్మదిగా లేపి, బరువు చూడడానికి తెర వెనక్కి తీసుకెళ్ళాను. అక్కడ మేమిద్దరమే.

కొంగు ముడి విప్పి పసుపుదారం ఒకటి తీసింది. ఇంకా తడిగానే ఉంది.

"ఇది నువ్వు కట్టాల పాపా."

"ఏంటత్తా అది?"

"అమ్మోరి దారం. ముర్రాటలో ముంచి తెచ్చినాను. మా పూజారి కట్టేత్తానన్నాడు గానీ నానే వద్దన్నాను. మా పంతులుగోరి గుంట సూది పొడిత్తేనే నొప్పినేదు, అది దారం కడితే ఇంకేటి కావాల అన్నాను."

"కుడిచేతికి కడతాను, ఇలా ఇవ్వండి."

ఆమె నవ్వింది. "ఆడమనిసికి కుడిసేతికి కడతారేటే? మీ నాన్న ఇదేనా నేర్పింది?"

నిజమే. రక్ష మగవాళ్ళకు కుడిచేతికి, ఆడవాళ్ళకు ఎడమచేతికి. ఇది నాకు అక్షరాల కన్నా ముందు తెలుసు. నాన్న గుడిలో రక్షలు కడుతుంటే పళ్ళెం పట్టుకుని పక్కన నిలబడి, తెలియక కుడిచెయ్యి చాపిన ఆడవాళ్ళకు "ఎడమ, ఎడమ" అని నేనే చెప్పేదాన్ని. ఇప్పుడు నా కాలేజీ ఒక మాట చెబుతోంది, నా పుట్టుక ఇంకో మాట చెబుతోంది. మధ్యలో ఆమె ఎడమచెయ్యి చాపి నిలబడింది.

భయపడి కట్టానని చెప్పుకోవచ్చు, మొహమాటపడి కట్టానని చెప్పుకోవచ్చు. అవేవీ కాదు. నాకు సంతోషం వేసింది. ఆ ఊరి పూజారిని కాదని నా చేతికి ఇచ్చిందన్న సంతోషం. నర్సుగా నన్ను ఒప్పుకోవడానికి ఇక్కడివాళ్ళకు నెల పట్టింది. పంతులుగారి కూతురిగా చూసినరోజే ఒప్పుకున్నారు. ఆ గౌరవం తియ్యగా ఉంది. శ్లోకం కూడా చదివాను. వేలు దూరేంత వదులుగా, పాత ఆపరేషన్ గాటుకు ఒరుసుకోకుండా దానికి కాస్త పైన కట్టి, రెండు ముళ్ళు వేశాను. గాటుకు కాస్త పైన అంటే సరిగ్గా ఆ నరం మీద. ఆమె కళ్ళకు అద్దుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

తడి నూలుదారం ఆరితే బిగుస్తుంది. ఇంట్లో పసుపుదారాలు పేనుతూ పెరిగినదాన్ని, నాకు తెలియదా?

మూడో రోజు ఆమె వచ్చి మంచం మీద కూర్చుంది. "సెయ్యి కాస్త బరువుగా ఉన్నాది పాపా" అంది. చీర చెంగు తీసి చూశాను. చెయ్యి వాచింది. దారం చర్మంలోకి దిగి అంచులు లేచి ఉన్నాయి. మూడు వేళ్ళు ఆనించాను. ఏమీ లేదు. స్టెతస్కోపు పెట్టాను. ఏమీ లేదు. పైకీ కిందకీ జరిపాను. మళ్ళీ పెట్టాను.

"ఏటి, ఇనబడతన్నాదా?" అని అడిగింది.

నేను సీనియర్ అక్కను పిలిచాను. ఆవిడ ఒక్క చూపు చూసి, జేబులోంచి కత్తెర తీసి దారం తెంపింది. ముడిని వేళ్ళ మధ్య పట్టుకుంది.

"ఎవులు కట్టేరిది?"

నేను నోరు తెరిచాను. తెరిచాననే గుర్తు. అంతలో ఆమె అంది:

"ఎవులు కడతారు? నానే కట్టుకున్నాను."

సీనియర్ అక్క ముడి వైపు చూసింది. ఒంటిచేత్తో ఎవరూ వేసుకోగలిగిన ముడి కాదది. తరవాత నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. పని ఎలా ముగించాలా అన్న ఆలోచన ఉంది. మిషన్లు కూత పెడుతున్నాయి, తొమ్మిదిమంది చూస్తున్నారు. అప్పుడు గట్టిగా మొదలుపెట్టింది.

"బుద్ధుందా నీకు? ఎన్నిసార్లు సెప్పినాను, ఆ సెయ్యి ముట్టుకోకు, ముట్టుకోకు అని! ఇప్పుడు మెడలో గొట్టం ఎయ్యాల. తెలుసా? ఎక్కడి నుంచి తెత్తాను నీకు ఇంకో సెయ్యి?"

ఆమె తల దించుకుని తిట్లు తింది. నా కోసం. నేను పక్కనే ట్రే పట్టుకుని నిలబడ్డాను.

కేసుషీటులో సీనియర్ అక్క ఇంగ్లీషులో రాసింది. సిబ్బంది చెప్పిన జాగ్రత్తలు పాటించక రోగి తనంతట తానే చేతికి దారం బిగించుకున్నందున ఫిస్టులా మూసుకుపోయినది, అని దాని అర్థం. బీపీ పడిపోయిన సంగతి, అరగంట ఉంచకుండా పంపిన సంగతి రాయలేదు. కింద పరీక్ష చేసిన నర్సు సంతకం కావాలి.

"అక్కా..." అన్నాను.

"పెట్టు. తరవాత మాట్లాడదాం."

పెట్టాను. తరవాత మేమెప్పుడూ మాట్లాడలేదు.

ఆ సాయంత్రం గదిలో దీపం పెట్టి మేళ్ళు చెప్పుకున్నాను. అలవాటు కదా. మొదటిది: ఆమె నన్ను కాపాడింది. రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, నిజంగానే చెప్పుకున్నాను, చేతులు జోడించి, మనస్ఫూర్తిగా. కృతజ్ఞతను మించిన గుణం లేదని నన్ను పెంచారు. అది ఇలాంటిదానికి కూడా పనికొస్తుందని మాత్రం ఎవరూ చెప్పలేదు.

వారానికోసారి వచ్చే పెద్ద డాక్టరు ఆ వారం ఆమె మంచం దగ్గర ఆగాడు. చెయ్యి పనికిరాదు కాబట్టి మిషను ఎక్కించడానికి మెడలో గొట్టం, దాని చుట్టూ ప్లాస్టర్లు. తల తిప్పలేక కళ్ళు మాత్రం తిప్పి చూస్తోంది. షీటు చదివి హాలంతటికీ వినిపించేలా అన్నాడు: "చూశారా? జబ్బు కాదు మిమ్మల్ని చంపేది, ఈ మూఢనమ్మకాలు. అమ్మోరు, దారం! ఇప్పుడు అమ్మోరొచ్చి ఎక్కిస్తుందా డయాలసిస్?" ఒకరిద్దరు నవ్వారు. ఆమె కూడా మర్యాదకు నవ్వింది. డాక్టరు నా వైపు తిరిగి, "సిస్టర్, నువ్వు రోజూ చెబుతూ ఉండాలి వీళ్ళకి. చదువుకున్నదానివి" అన్నాడు.

అలాగే సార్ అన్నాను.

కొత్త ఫిస్టులా ఆపరేషన్‌కు ఆమె వైజాగ్ వెళ్ళే ముందు రోజు పక్కన కూర్చున్నాను. చెయ్యి తిరిగి వస్తుందనే ఆశ ఇద్దరికీ ఉంది. అదే చేతికి పైన, మోచేతి దగ్గర చేస్తారని అనుకుంటున్నాం.

"నేను నిజం చెప్పేస్తానత్తా" అన్నాను చిన్నగా.

"సెప్పీసి?"

"కాగితం మార్పిస్తాను. మీరు చెయ్యని తప్పు మీ మీద ఎందుకు?"

"నీ ఉద్యోగం పోతాది. నువ్వు పోతే ఇంకో కొత్త గుంట వత్తాది. అదెవుల మీద నేర్సుకుంటాది? మళ్ళా నా మీదేనా? సాల్లే. నీ సెయ్యి అలవాటైపోనాది. నోరు మూసుకుని ఉండు." దుప్పటి సర్దుకుంటూ, "సెప్తే నా సెయ్యి వత్తాదా?" అంది.

రాదు కదా. ఆ మాట పట్టుకుని నేను లేచాను. మంచం దగ్గర్నుంచి అంత తేలిగ్గా లేచిన రోజు ఇంకోటి లేదు.

వైజాగ్‌లో ఎడమచేతి పై నరం సన్నంగా ఉందన్నారట. షీటు చూసి, జాగ్రత్తలు పాటించని మనిషివని అక్కడ కూడా తిట్టారట. కుడిచేతికి చేసి పంపారు. ఆమె తిరిగొచ్చాక మొదటి మాటగా, "కుడిసేతికి సేసినారు" అంది, అంతే.

నెలన్నరకు ఆ చెయ్యి మిషనుకు సిద్ధమైంది. పనికి మాత్రం పనికిరాలేదు. రక్తం దారి మళ్ళడం వల్ల కొందరికి వేళ్ళు చల్లబడి పట్టు తప్పుతాయి. ఆమెకు అలా అయింది. కత్తి పట్టుకుంటే జారిపోయేది. ఒకరోజు అల్లుడు ఆమెను దింపడానికి వచ్చి మెట్ల పైన మా సీనియర్ అక్కతో అంటుంటే విన్నాను: "ఏటమ్మా ఇది, కూర్సుంటే లెగనేదు, కూడు కలుపుకోనేదు. మా ఆడమనిసి పనికెళ్ళాలా, దీనికి తినిపించాలా?" ఆమె అక్కడే, గోడకు ఆనుకుని ఆయాసపడుతోంది. విననట్టు ముఖం పక్కకు పెట్టుకుంది. ఎవరి మీదా పడనన్న మనిషి.

ఆ తరవాత కొన్నాళ్ళకు కొత్తగా పెళ్ళైన అమ్మాయి ఒకతి మా దగ్గర చేరింది. చేతికి దారాలు, తోరాలు. సీనియర్ అక్క కత్తెర పట్టుకుంటే ఆ అమ్మాయి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"తీయనా, వద్దా? అదిగో, ఆ కిటికీ పక్క ఉన్నావిడని అడుగు. దారం కట్టుకున్న దాని సంగతి ఏటైందో సెప్తాది. ఏమ్మా, సెప్పు!"

కంచిలి కొబ్బరి రైతు అందుకున్నాడు. "అమ్మోరు ఎడంసెయ్యి తీసుకుని కుడిసెయ్యి కూడా అడిగినాది." హాలు నవ్వింది. పాపం ఆయనలో చెడు లేదు. నాలుగు గంటలు కదలకుండా పడుకునేవాళ్ళకు నవ్వుకోవడానికి ఏదో ఒకటి కావాలి. ఆ నెలల్లో వాళ్ళకు ఆమె దొరికింది.

నేను ఆమె ముఖం చూశాను. చూసి, ఎందుకో తెలియదు, హాలు మధ్య నిలబడి అందరూ వినేలా అన్నాను:

"ఆ దారం ఆవిడ కట్టుకోలేదు. నేను కట్టాను."

సీనియర్ అక్క నా వైపు చూడనే లేదు, కొత్త అమ్మాయి మిషను గొట్టాలు సర్దుతోంది. ఇప్పుడు తిడతారు, తిట్టనీ అనుకున్నాను.

"ఏటమ్మా ఆ మాట?" అన్నాడు కంచిలి ఆయన మెల్లగా. "మేమేదో సరదాకి అన్నాం గానీ. దానికోసం నువ్వు నింద మీదేసుకుంటావేటి?"

"కాదు, నిజంగానే..."

"మంచి ఇంటి పిల్ల" అంది ఎదుటి మంచం మీది ముసలామె, పక్కామెతో. "సూడు, దాన్ని నవ్వుతుంటే ఓర్సుకోనేక ఎలాగ మాటాడతందో. అమ్మ కడుపు సల్లగుండ."

నేను కిటికీ వైపు తిరిగాను. "అత్తా, మీరు చెప్పండి. ఎవరు కట్టారు?"

ఆమె నా వైపు తల తిప్పింది.

"నానే కట్టుకున్నాను" అంది. "పిల్లదానికి జాలెక్కువ."

అందరూ నిట్టూర్చారు. కొత్తగా వచ్చిన అమ్మాయి తనంతట తానే చెయ్యి చాపింది, తీసేయండి అని. కంచిలి ఆయన రెండు చేతులూ జోడించాడు నాకు, ఒక చేతికి సూదులు ఉన్నా సరే. సూది కదులుతుంది, దించండి అని నేనే ఆయన చెయ్యి దించాను.

షిఫ్టు అయిపోవచ్చింది. ఆమె సూదులు తీసి, గుడ్డ మడత పెట్టి నొక్కి పట్టుకున్నాను. రక్తం ఆగడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలూ ఆమె చెయ్యి నా చేతిలోనే ఉండాలి. వేళ్ళు చల్లగా ఉన్నాయి, కొసల నలుపు అలాగే ఉంది.

"ఎందుకలా చెప్పారత్తా?" అన్నాను.

"ఏటి సెప్పమన్నావు? ఆరు నెల్లు నానే కట్టుకున్నానని సెప్పినాను, ఇప్పుడు కాదంటే నన్ను అబద్ధాలకోరంటారు." గొంతు తగ్గించింది. "నువ్వు సెప్పీసి తేలికపడదామనుకున్నావు. నాకేటొచ్చినాది? ఈళ్ళకి సెప్తే ఏటవుతాది, నీకు దణ్ణం పెడతారు. పెట్టేరుగా?"

నేను గుడ్డ మడతను ఇంకాస్త నొక్కాను.

"నిజం సెప్పాలనుంటే కాయితంలో రాయు. డాక్టరొచ్చినప్పుడు సెప్పు. నన్ను వైజాగ్‌లో తిట్టినోళ్ళకి సెప్పు. మొదట్లో వద్దన్నాను, నిజమే. అప్పుడు నాకు ఈ సెయ్యి ఉన్నాది."

రక్తం ఆగింది. ప్లాస్టరు వేశాను. బీపీ చూశాను. బాగానే ఉంది, అయినా ఇంకో అరగంట పడుకోమన్నాను. మెట్ల మీద ఎంతమంది ఉన్నా సరే అన్నాను. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

మంచం కాళ్ళ దగ్గర ఆమె కేసుషీటు వేలాడుతోంది. తీసుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. పాత కాగితాలన్నీ దానికే కుట్టి ఉన్నాయి. వెనక్కి తిప్పితే ఆ ఇంగ్లీషు వాక్యం, దాని కింద నా సంతకం. పొడుగ్గా, శ్రద్ధగా, ఇంట్లో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలు. దాని పక్కన ఒక్క వాక్యం రాసేంత ఖాళీ ఉంది. పెన్ను నా చేతిలోనే ఉంది.

ముందుకు తిప్పి, ఆ రోజు కాగితం మీద బరువు రాశాను. బీపీ రాశాను. సమయం రాశాను. సంతకం పెట్టి, షీటు దాని కొక్కేనికి తగిలించాను.